ముర్రా డబ్బా

2011 సెప్టెంబర్ 19, కోదాడ

టీ కొట్టు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. బస్సు ఇక్కడితో ఆఖరని డ్రైవర్ చెప్పేశాడు. సకల జనుల సమ్మెలోకి ఆర్టీసీ వాళ్లు కూడా దిగారు. విజయవాడ నుంచి ఇంతదూరం తెచ్చినందుకే మేం దండం పెట్టాలన్నట్టుంది ఆయన చూపు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. పులిహోర వాసన వస్తోంది. తెలంగాణ నాకూ కావాలి. కానీ నా ఒళ్లో క్యాను ఉంది.

బస్సులో మూత సందులోంచి తెల్లటి పొగ వస్తుంటే పక్క సీటు పెద్దాయన సూర్యాపేట నాకొద్దురా దేవుడా అన్నట్టు ముందుకెళ్లి కూర్చున్నాడు. ఒకామె మాత్రం ధైర్యం చేసి అడిగింది.

"గదేంది బిడ్డా, బాంబా?"

"చేప గుడ్లమ్మా."

"చేప గుడ్లకు గింత పొగనా!"

నవ్వాను. నవ్వుతూనే మూత మీద చెయ్యి వేసి చూసుకున్నాను. లోపల చిన్న ట్యూబుల్లో, నాలుకలా బల్లపరుపుగా ఉండే నాలుక చేపల అండాశయాల ముక్కలున్నాయి, ఒక్కోటి మిరప గింజంత. కొన్ని సముద్రంలో పట్టిన చేపలవి, కొన్ని బందరు దగ్గర మా ట్యాంకుల్లో పెంచిన చేపలవి. హైదరాబాద్ ల్యాబ్‌కు చేర్చాలి. ద్రవ నైట్రోజన్‌లో మునిగి ఉన్నంతసేపే అవి పనికొస్తాయి. వెచ్చబడితే వాటిలో నేను వెతికేది, జీన్ పని చేసిన ఆనవాలు, కరిగిపోతుంది. చూడ్డానికి మాత్రం ముక్క ముక్కలాగే ఉంటుంది. కుళ్లిన చేప కనీసం వాసన వేస్తుంది, ఇది అదీ చెయ్యదు. అందుకే నాకు భయం.

ల్యాబ్‌లో మా ప్రాజెక్టు నడిపే కృష్ణమూర్తి సార్‌కు ఫోన్ చేశాను. "ఎలాగైనా తీసుకురా త్రివేణీ. మార్చితో ప్రాజెక్టు అయిపోతుంది. మళ్లీ సీజన్ దాకా ఆగే పరిస్థితి లేదు" అన్నారు. ఎలాగో చెప్పలేదు.

సెప్టెంబర్ 20, చివ్వెంల

మునగాల దాకా బత్తాయిల లారీ, అక్కడి నుంచి ఎవరిదో బండి. ఇంటికొచ్చాను. అమ్మ నన్ను చూసి సంబరపడింది, క్యానును చూసి చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

అన్నం పెడుతూ అడిగింది, ఇంతకీ ఆ చేపల దగ్గర నేను చేసే పని ఏంటని. ఇన్నేళ్లకు అడిగింది కదా అని శ్రద్ధగా చెప్పాను. ట్యాంకు చేపలకు మేత పెడతాం, హార్మోన్ సూది ఇస్తాం. కడుపు ఉబ్బుతుంది, గుడ్డు పెద్దదవుతుంది, కానీ పండదు. పండే గుడ్డులో నడిమధ్యనున్న కేంద్రకం అంచుకు జరుగుతుంది. సముద్రపు చేపల్లో జరుగుతోంది, మా చేపల్లో కదలడం లేదు. హార్మోన్ వచ్చి గుడ్డును తాకితే చాలదు, దాన్ని అందుకునేది ఒకటి గుడ్డు మీద ఉండాలి. రిసెప్టర్ అంటారు. దాన్ని తయారుచేసే జీన్ ట్యాంకు చేపల్లో పని చేయడం మానేసిందని సార్ అనుమానం. అది తేల్చాలి.

"తేలితే?"

"మందు మార్చొచ్చు. ట్యాంకుల్లోనే పిల్లలు పుట్టించొచ్చు."

"తేలకపోతే?"

పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాను.

సెప్టెంబర్ 21

పొద్దున్నే చెక్క పుల్ల క్యానులో ముంచి, పైకి తీసి గాలిలో ఊపాను. నైట్రోజన్ ఎంతవరకు ఉందో పుల్ల మీద అంతవరకు తెల్లగా మంచు పేరుకోవాలి. అడుగున కాస్త పేరుకుంది. మళ్లీ ముంచాను. మళ్లీ అంతే. మూడోసారి ముంచబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ముంచుడుకే ఐపోయేటట్టున్నది" అంది. నిజమే.

ధర్మేందరన్న గుర్తొచ్చాడు. మా పెదనాన్న కొడుకు, గోపాలమిత్ర. ఊళ్లో బర్రెలు, ఆవులు ఎదకొస్తే చూడికి సూది వేసేది ఆయనే. వీర్యం నింపిన సన్నని గొట్టాలు, స్ట్రాలంటారు, అవి దాచడానికి ఆయన దగ్గర పెద్ద నైట్రోజన్ క్యాను ఉంది. పరుగెత్తాను.

"నా దాంట్ల గుడ సగమే ఉన్నది చెల్లె. నైట్రోజన్ బండి వస్తలేదు, సమ్మె గద" అన్నాడు. అయినా నా క్యానులోకి కొంత వంచాడు. ఇంకా పొయ్యమని అడగడానికి నోరు రాలేదు. ఊరి బర్రెలన్నీ ఆ క్యానులోనే ఉన్నాయి మరి.

ఆలోచించి ఒక పని చేశాను. సముద్రపు చేపల ట్యూబులు నా చిన్న క్యానులో ఉంచాను. మూత తియ్యకపోతే అది నిలుస్తుంది. ట్యాంకు చేపల ట్యూబులు అన్నకు ఇచ్చాను. ఒకటి ఎండినా ఒకటి ఉంటుంది. సముద్రపువి పోతే మళ్లీ దొరకవు కాబట్టి అవి నా దగ్గర. తెలివైన పనే చేశాను.

"మంచిగ దాస్త, నువ్ పరేషాన్ గాకు" అన్నాడు అన్న.

సెప్టెంబర్ 22

తెలివైన పనే.

సెప్టెంబర్ 24, మిర్యాలగూడ

బస్సుల్లేకపోతే రైలుందిగా అనుకున్నాను. చిన్న క్యాను వరకైనా చేరిస్తే సగం పని అవుతుందని మా బాపును బండి నడపమని పోరాను. గొర్రెలను ఎవరికో అప్పజెప్పి, దారంతా సణుగుతూ గరిడేపల్లి మీదుగా తెచ్చాడు. స్టేషన్‌కు వచ్చేసరికి పట్టాల మీద జనం. రైల్ రోకో. పట్టాల మధ్య డప్పులు, బతుకమ్మ పాటలు. బాపు సణుగుడు మాని వెళ్లి వాళ్లలో కూర్చున్నాడు.

ప్లాట్‌ఫారం మీద ఎండ నా వైపు జరుగుతోంది. క్యాను తీసుకుని నేను నీడ వైపు జరుగుతున్నాను. ఒక పోలీసాయన వచ్చి మూత తియ్యమన్నాడు. తియ్యనన్నాను. గట్టిగానే అన్నాను. బాపు వచ్చి, "సారూ, చేపల డాక్టరు సారూ గీమె" అన్నాడు. నేను ఏ డాక్టర్నీ కాదు. పోలీసాయన పొగను చూసి, నన్ను చూసి, వదిలేశాడు.

ఇంటికి తిరిగొచ్చాం.

సెప్టెంబర్ 28

ఏమీ లేదు. మూత తియ్యలేదు. తియ్యాలనిపించి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 2

ఈ రోజు చూసింది రాయాలి.

ఏమీ తోచక ధర్మేందరన్న ఇంటికి వెళ్లాను. పక్కింటి సరోజనక్క వాకిట్లో నిలబడి ఉంది. ఆమె బర్రెకు ఇదివరకే సూది వేశారు, ఇప్పుడు వాళ్ల మరిది బర్రెకు. అన్న క్యాను మూత తీసి, పొడుగు కాడ పట్టుకుని లోపలి డబ్బాల్లో ఒకదాన్ని పైకి లాగాడు. మూతి దాకా తెచ్చి పట్టుకుని, పట్టకారుతో స్ట్రా కోసం వెతుకుతున్నాడు. స్ట్రా దొరకడం లేదు. పైన ఏవో అడ్డం. ఎండ సరిగ్గా క్యాను మూతి మీద పడుతోంది.

"పెయ్య దుడ్డె పుట్టేది ఏయ్యి ధర్మేందరూ. పోయినసారి దున్నపోతు పుట్టె."

"నా చేతులున్నదా అక్కా గది!"

నవ్వుకుంటున్నారు. డబ్బా మూతి దగ్గరే ఉంది. అడ్డంగా ఉన్నవి నా ట్యూబులు.

"అన్నా, నావి ఈ డబ్బాలో ఎందుకు పెట్టినవ్?"

"గిది ముర్రా డబ్బా చెల్లె. అన్నిట్లకంటె ఖరీదైన స్ట్రాలు గిండ్లనే ఉంటయ్. నీయి గుడ ఖరీదైనయేనాయె. ఎక్కడంటె అక్కడ పెడ్తనా?"

ముఖం వెలిగిపోతోంది. ఉన్నవాటిలో మంచి గదిని చుట్టానికి ఇచ్చినట్టు ఇచ్చాడు. ఊళ్లో అందరికీ పాలెక్కువిచ్చే ముర్రా జాతే కావాలి కాబట్టి రోజూ తెరిచే డబ్బా అదొక్కటే. ఆవులకు వేసే జెర్సీ డబ్బా వారానికోసారి లేస్తే గొప్ప. ఎవరి బర్రె ఎదకొచ్చినా నా చేపలు ఎండలోకి వచ్చాయి. నా ట్యూబులు అడ్డమున్నందుకు ఎప్పటికంటే ఎక్కువసేపు వచ్చాయి.

ఎక్కువగా తెరవని వేరే డబ్బాలోకి మార్పించాను. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

అక్టోబర్ 3

మూతి దగ్గర కూడా చల్లగానే ఉంటుంది. నైట్రోజన్ ఆవిరి చాలా చల్లన. ఏమీ అయి ఉండదు.

అక్టోబర్ 4

ఏమీ అయి ఉండదు.

అక్టోబర్ 7

ట్యూబులు చెడ్డాయో లేదో నాకు తెలిసే దారి లేదు. కానీ అదే డబ్బాలో అంతే ఎండ చూసిన స్ట్రాలున్నాయి. వాటితో సూదులు వేసిన బర్రెలున్నాయి. స్ట్రాలు బాగుంటే బర్రెలు చూడి కడతాయి. చెడితే మూడు వారాలకు మళ్లీ ఎదకొస్తాయి. పొర్లడం అంటారు మా వాళ్లు.

ఈ సంగతి తట్టినప్పటి నుంచి వీధిలో ఏ బర్రె అరిచినా లేచి వెళ్లి చూస్తున్నాను. ఎదకొచ్చిన బర్రె అరుపు వేరుగా ఉంటుందని మా అమ్మ చెబుతుంది. నాకు అన్నీ ఒక్కలాగే వినిపిస్తున్నాయి.

"ఏమైందే నీకు? ఎవలింటి కొట్టంల జూసినా నువ్వే ఉంటున్నవ్" అంది అమ్మ.

అక్టోబర్ 14

సరోజనక్క బర్రె పొర్లింది.

ఒక్క బర్రె. మంచి స్ట్రా వేసినా కొన్ని తప్పుతూనే ఉంటాయి. ఒక్కదాన్ని బట్టి ఏదీ చెప్పకూడదు. ఎమ్మెస్సీలో నేర్పిన మొదటి పాఠమే అది. ఈ పాఠం ఈ రోజు నాకు చాలా నచ్చింది.

అక్టోబర్ 17, హైదరాబాద్

బస్సులు కదిలాయి. రెండు రకాల ట్యూబులూ చిన్న క్యానులోకి చేర్చి తెచ్చాను. అన్న పాత బాకీలేవో చెప్పి ఎవరినో బతిమిలాడి నైట్రోజన్ నింపించాడు. సార్ క్యాను అందుకుని, "గట్టిదానివే అమ్మా, సమ్మెలో కూడా కాపాడావు" అన్నారు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. అప్పటికే ఆయన ఫోన్‌లో ఉన్నారు.

అప్పటికే అని రాశాను. కాదు. నేను నోరు తెరవలేదు, తర్వాత ఫోన్ వచ్చింది.

అక్టోబర్ 21

ఫలితం వచ్చింది.

సముద్రపు చేపల్లో రిసెప్టర్ జీన్ పని చేస్తోందని చూపే గీతలు జెల్ మీద తళతళ వెలుగుతున్నాయి. ట్యాంకు చేపల్లో ఒక్క గీతా లేదు. సార్ ఏమని అనుమానించారో అచ్చంగా అదే. సార్ నా భుజం తట్టి, క్యాంటీన్‌లో అందరికీ మిర్చీ బజ్జీలు ఇప్పించారు. డిసెంబర్ సెమినార్‌లో నేనే మాట్లాడాలట. పేపర్ మీద నా పేరే ముందు వేస్తారట. మార్చి తర్వాత కూడా నన్ను కొనసాగించమని పైవాళ్లను అడుగుతారట.

నా బజ్జీ పక్కవాళ్లకు ఇచ్చేశాను.

జీన్ పని చేయకపోతే గీత రాదు. ట్యూబు వెచ్చబడి చెడిపోయినా గీత రాదు. తెల్లకాగితం లాంటి ఆ చోటును చూసి ఈ రెంటిలో ఏదో ఎవరూ చెప్పలేరు. ఏ కణంలోనైనా తప్పక వెలిగే ఇంకో జీన్ గీత ఉంటుంది, పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తుగా చూస్తాం. ట్యాంకు చేపల్లో అదీ పలచగానే ఉంది. సార్‌కు చూపించాను.

"ఉంది కదా. చాలు" అన్నారు.

ఉంది. పలచగా ఉంది.

అక్టోబర్ 22

నిజంగానే జీన్ పని చేయడం లేదేమో. సార్ చెప్పింది నిజమే కావచ్చు కదా. నిజమైన ఫలితాన్ని నేనెందుకు అనుమానించాలి?

అక్టోబర్ 24

ధర్మేందరన్నకు ఫోన్ చేశాను. మొదట మామూలు మాటలు. తర్వాత బర్రెల గురించి.

"ఏం జెప్పాలె చెల్లె. నువ్వొచ్చినంక పది దినాలల్ల ముర్రా ఏసినయ్ అన్ని పొర్లినయ్. ఒక్కటి నిల్వలే. నీళ్ల సూదులేసిండని జనం తిడ్తున్నరు. సరోజనక్క మరిదైతె అంగి వట్టిండు."

"ఆవులు?"

"ఏందీ?"

"జెర్సీ ఏసిన ఆవులున్నయి గద. అవి గుడ పొర్లినయా?"

"లే. అయి నిల్సినట్టే ఉన్నయ్. ఒక్క ముర్రాకే ఏం మాయరోగమొచ్చెనో."

ఒకే క్యాను, ఒకే నైట్రోజన్, వేసింది ఒకే చెయ్యి. తెరిచిన డబ్బాలోవి పోయాయి, తెరవని డబ్బాలోవి నిలిచాయి. ఏ ల్యాబ్‌లోనూ ఇంత చక్కగా ప్రయోగం కుదరదు. నా భయం ఇన్నాళ్లూ అనుమానం మీద బతికింది. ఇప్పుడు దానికి అనుమానం అక్కర్లేదు.

పైగా ఆ స్ట్రాలు చెడ్డది నా ట్యూబులు అడ్డం పడ్డందుకే. తిట్లు ఆయన తింటున్నాడు. ఫోన్‌లో అది కూడా చెప్పలేదు.

అక్టోబర్ 27

సార్‌కు చెప్పాను. డబ్బా, ఎండ, బర్రెలు, ఆవులు, అన్నీ. తలుపు వేసి చెప్పాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. వస్తే బాగుండేది.

"త్రివేణీ, ట్యాంకు చేపల నుంచి మళ్లీ ముక్కలు తీయాలంటే వచ్చే సీజన్. అప్పటికి నువ్వుండవు, ప్రాజెక్టూ ఉండదు. బర్రెలు పొర్లాయని పేపర్లో రాస్తామా? నువ్వు నాకేమీ చెప్పలేదు. నేనేమీ వినలేదు. వెళ్లి స్లయిడ్లు చేసుకో."

మెల్లగా, ప్రేమగానే అన్నారు.

స్లయిడ్లు చేసుకుంటున్నాను.

నవంబర్ 13, చివ్వెంల

ఊరికి వచ్చింది ఒక్క పని మీద. ధర్మేందరన్నను వెంటబెట్టుకుని సరోజనక్క ఇంటికి వెళ్లాను. తప్పు ఆయన సూదుల్లో లేదని, నా చేప ట్యూబులు డబ్బాలో అడ్డమై స్ట్రాలు వెచ్చబడ్డాయని చెప్పాను. అన్న నా వైపు వింతగా చూశాడు. ఆయనకూ ఇప్పుడే తెలిసింది.

సరోజనక్క తిట్టిన తిట్లు రాయను. చివరికి అంది: "నీ చేపగుడ్లు సల్లగుండ! బర్రె పొర్లిందంటె ఈతకు ఈత ఎనకకువడ్డట్టే. నా పిల్లలు పాలెట్ల తాగాలె?"

ఆమె అలిసిపోయి చెంబెడు నీళ్లు తాగింది, నాకూ ఇచ్చింది.

"మరి నీ చేపలు మంచిగనే ఉన్నయా?"

"లేవక్కా. అవీ పోయినయ్."

"మీ సారుకు ఎర్కేనా?"

"చెప్పిన. ఎవలకు చెప్పకన్నడు. అందరి ముంగట అవి మంచిగున్నయనే చెప్పాలె."

"అగో! నా బర్రె పోయిందని నా ముంగటికొచ్చి జెప్పినవ్. నీ చేపలు పోయినయని జెప్పరాదా? నా అసొంటి నోరు గాడ ఎవలికన్న ఉన్నదా?"

లేదు. ఆమెలాంటి నోరు ఇంకెక్కడా లేదు. కానీ నా జీతం ఆపడం సరోజనక్క చేతిలో లేదు కదా.

డిసెంబర్ 8, హైదరాబాద్

రేపు సెమినార్. స్లయిడ్లు బాగా వచ్చాయి. సార్ మెచ్చుకున్నారు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరో ఎక్కడో ఈ పేపర్ చదివి, లేని లోపానికి మందు వెతుకుతూ ఏళ్లు పోగొట్టుకుంటారు. వాళ్లెవరో నాకు తెలియదు. తెలియనివాళ్ల కోసం అంత భయపడటం నా వల్ల అవుతుందా? నన్ను ఎరిగిన నాలుగు మొహాలు చాలవూ భయపడటానికి?

చెప్పను. సార్ అన్నట్టే చేస్తాను. నిర్ణయమైపోయింది కాబట్టి నిద్ర పడుతుంది.

డిసెంబర్ 9

నిద్ర పట్టలేదు.

గీతల స్లయిడ్ దాకా తడబడకుండా చెప్పాను. తళతళలాడే వైపు చూపించాను, ఖాళీ వైపు చూపించాను. "ట్యాంకు చేపల్లో ఈ జీన్" అని ఆగాను. తర్వాతి మాట కంఠతా వచ్చు. రాలేదు. మొదటి వరసలో సార్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఈ ఖాళీని దయచేసి నమ్మకండి. దారిలో ఈ ట్యూబులు వెచ్చబడ్డాయి" అన్నాను.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచారు. "వెచ్చబడ్డాయని అనుమానమా, ఆధారముందా?" అని అడిగారు.

"ఆధారముంది సార్."

"ఏమిటి?"

"బర్రెలు పొర్లాయి సార్."

హాలంతా గొల్లుమంది. నవ్వు నా మొహం మీదికి వేడిగా వచ్చింది. బల్ల అంచు పట్టుకున్నాను. నవ్వు తగ్గేదాకా ఆగి, ముర్రా డబ్బా గురించి చెప్పాను, జెర్సీ డబ్బా గురించి చెప్పాను. రోజూ పైకి లేచిన డబ్బాలోని స్ట్రాలతో ఒక్క బర్రె కూడా చూడి కట్టలేదని, కదలని డబ్బాలోవి వేసిన ఆవులు నిలిచాయని, నా ట్యాంకు చేపలున్నది లేచిన డబ్బాలోనని చెప్పాను. చెబుతుండగా నవ్వేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. ఆ పెద్దాయన ఏదో రాసుకుని కూర్చున్నారు.

కృష్ణమూర్తి సార్ లేచి, ఎవరి వైపూ చూడకుండా, పక్క తలుపు తీసుకుని వెళ్లిపోయారు. తలుపు మూసుకునేదాకా చూసి, తర్వాతి స్లయిడ్ వేశాను.